స్కాన్ చీటీ మీద ప్రశ్న ఉండాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములతో,

కొత్త సీటీ, ఎంఆర్‌ఐ యంత్రాలు మంజూరైన ప్రతిసారీ వాటి సంఖ్య ప్రకటనల్లోకి ఎక్కుతుంది గానీ, ఏ బాధతో వచ్చిన రోగికి ఏ పరీక్ష రాయాలన్నది ప్రస్తావనకే రాదు. స్కాన్లు చదవడమే వృత్తిగా గల రేడియాలజిస్టుగా ఈ రెండో విషయాన్ని మీ దృష్టికి తెస్తున్నాను. మాకు వచ్చే చీటీల్లో చాలావాటి మీద ‘కడుపునొప్పి, సీటీ’ అని మాత్రమే ఉంటుంది. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, జ్వరం ఉందా, రోగి గర్భవతా, వైద్యుడు దేన్ని అనుమానిస్తున్నారు అన్నవేవీ ఉండవు.

కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చి, పిత్తాశయంలో రాళ్లున్నాయని అనుమానం కలిగితే ముందు చేయవలసింది అల్ట్రాసౌండ్. సీటీలో కొన్ని రాళ్లు చుట్టూ ఉన్న పైత్యరసంలో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. అదే నొప్పి కుడి పొత్తికడుపులో ఉండి అపెండిసైటిస్‌ను అనుమానిస్తే పెద్దవాళ్లకు సీటీ సరైనదే గానీ, పిల్లలకూ గర్భిణులకూ అల్ట్రాసౌండ్‌తోనే మొదలుపెట్టాలి. గర్భిణులకు దానితో తేలకపోతే ఎంఆర్‌ఐ చేయవచ్చు. మూత్రనాళంలో రాయి కోసమైతే కాంట్రాస్ట్ (స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) ఎక్కించని, తక్కువ మోతాదు రేడియేషన్ సీటీ చాలు. రెండు మాటల చీటీతో ఇవన్నీ ఎలా తేలుతాయి?

నడుంనొప్పి విషయంలో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. క్యాన్సర్ చరిత్ర, జ్వరం, పెద్ద దెబ్బ, కాళ్లలో బలహీనత, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం వంటి ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటి ఆరు వారాల్లో స్కాన్ అవసరం లేదు. చాలామందికి ఆ లోపే నొప్పి తగ్గుముఖం పడుతుంది. 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేని యాభై ఏళ్ల వారిలోనూ సుమారు 60 శాతం మందికి డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి భాగం) ఉబ్బు, 80 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపిస్తాయి. అయినా రిపోర్టులో ఆ మాట చూసిన రోగి తన వెన్నెముక చెడిపోయిందనే నమ్ముతాడు, వంగడానికి జంకుతాడు, ఒక్కోసారి అక్కర్లేని ఆపరేషన్ దాకా వెళతాడు. ఆ రిపోర్టులు రాసేది మేమే కాబట్టి ఈ బాధ్యతలో మాకూ వాటా ఉంది.

స్కాన్లు తగ్గించాలన్నది నా వాదన కాదు. ఉన్నట్టుండి క్షణాల్లో తారస్థాయికి చేరిన తలనొప్పికి కాంట్రాస్ట్ లేని సీటీ వెంటనే తీయాలి. ఏళ్లుగా ఒకే తీరున వస్తున్న మైగ్రేన్‌కు, నరాల పనితీరు పరీక్షలో తేడా లేనప్పుడు, అది అక్కర్లేదు. రెండో రోగి యంత్రం మీద ఉన్నంతసేపూ మొదటి రోగి బయట వేచి ఉంటాడు. పైగా ఛాతీ ఎక్స్‌రేకు రేడియేషన్ దాదాపు 0.1 మిల్లీసీవర్ట్ అయితే, పొట్ట సీటీకి సాధారణంగా దానికి వంద రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. అవసరమైన సీటీకి ఎవరూ భయపడనక్కర్లేదు గానీ, అవసరం లేనిదాన్ని, ముఖ్యంగా పిల్లలకు, సమర్థించలేం.

దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు. లక్షణాలను బట్టి పరీక్షను ఎంచుకునే మార్గదర్శకాలను అమెరికాలోని రేడియాలజిస్టుల సంఘం ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ’ 1990ల నుంచీ రూపొందిస్తూ, సవరిస్తూ వస్తోంది. చీలమండ బెణికినప్పుడు ఎముక మీద ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతోంది, రోగి నాలుగు అడుగులు వేయగలడా అని చూసే ఒట్టావా నియమాలు 1992లోనే వచ్చాయి. వాటిని పాటించిన చోట చీలమండ ఎక్స్‌రేలు గణనీయంగా తగ్గాయి.

కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో స్కాన్ చీటీ మీద లక్షణం, అనుమానిస్తున్న వ్యాధి, గర్భం, పాత స్కాన్ల వివరాలు తప్పనిసరి చేయాలని, వైద్యునితో మాట్లాడి పరీక్షను మార్చే అధికారాన్ని రేడియాలజిస్టుకు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను. యంత్రం పనితీరును రోజుకు ఎన్ని స్కాన్లు తీశారన్న లెక్కతో కొలిచే పద్ధతిని మాని, వాటిలో ఎన్ని మార్గదర్శకాలకు సరిపోయాయో ఏటా తనిఖీ చేయించండి. ఈ తనిఖీని నడుంనొప్పి ఎంఆర్‌ఐలతో మొదలుపెట్టవలసిందిగా నా విన్నపం.

ఇట్లు,
ఒక రేడియాలజిస్టు