విత్తన పంటలో నల్లి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు జిల్లాలో విత్తనం కోసం బెండ, వంగ, మిరప పండించే రైతులం, ఆ తోటలకు సలహాలు చెప్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. నల్లి అంటే ఆకు అడుగున చేరి రసం పీల్చే, కంటికి సరిగా ఆనని జీవి. కూర పంటకు చెప్పే నల్లి సలహానే విత్తన పంటకూ చెబుతున్నారు. అది సరిపోదు. రైతు సేవా కేంద్రాల్లో విత్తన పంటకు విడిగా సలహా ఉండాలి.

ఎందుకో బెండ మీద చెబుతాం. కూరకైతే పువ్వు విచ్చిన 5-7 రోజులకే కాయ కోసేస్తారు. విత్తనానికైతే కాయ చెట్టు మీదే ముదిరి ఎండాలి, దానికి 30-35 రోజులు పడుతుంది. జనవరిలో వేసిన తోటలో కాయ ఎండే దశ ఏప్రిల్‌లో పడుతుంది. ఎర్రనల్లికి కావలసిన ఎండ, పొడిగాలి, దుమ్ము అన్నీ అప్పుడే ఉంటాయి. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. ఒక్కో ఆడనల్లి వంద గుడ్ల దాకా పెడుతుంది. మగదానితో కలవకపోయినా గుడ్లు పెడుతుంది, వాటి నుంచి మగవి పుడతాయి. కాబట్టి గాలికి కొట్టుకొచ్చిన ఒక్క ఆడనల్లి చాలు, తోటలో మంద తయారవడానికి. కూర రైతు ఆ పాటికి తోట పీకేయగలడు. విత్తన రైతుకు ఆ వీలు లేదు. ఆకు రసమంతా నల్లి పీల్చేస్తే కాయలో గింజ నిండదు. ధ్రువీకరించిన బెండ విత్తనం కనీసం 65 శాతం మొలవాలి. తాలు గింజ ఎక్కువైన లాట్ ఆ పరీక్షలో పోతుంది, నష్టం మొత్తం రైతు నెత్తిన పడుతుంది.

అసలు తప్పు మందు కొట్టక ముందే, తెగులును గుర్తించే దగ్గరే మొదలవుతోంది. మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు. అంచులు కిందికి ఒంగి, తిరగేసిన పడవలా అయి, ఆకు కాడ సాగితే తెల్లనల్లి. రైతు షాపుకెళ్లి ‘ముడత వచ్చింది’ అంటాడు. ఏ ముడతో అడగకుండానే డబ్బా చేతిలో పెడతారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసిన తర్వాత ఆ భయం ఇంకా పోలేదు. ముడత కనిపిస్తే చాలు ఇమిడాక్లోప్రిడ్, లేకపోతే సింథటిక్ పైరెత్రాయిడ్ కొట్టేస్తున్నారు. నల్లి పురుగు కాదు, ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు జాతిది. ఇమిడాక్లోప్రిడ్‌కు అది చావదు. పైరెత్రాయిడ్ అయితే నల్లిని తినే మిత్ర జీవుల్ని చంపి దాన్ని వదిలేస్తుంది. కొట్టిన రెండు వారాలకు నల్లి ఇంతకింత అవుతుంది. మందు నకిలీదని రైతు షాపు మీదికి పోతాడు, మందు మంచిదే అయినా సరే.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఒకటి, గోడ మీద ఒక బొమ్మల పటం ఉంటే చాలు. బెండ, వంగల్లో ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు కనబడగానే ఆకు తిప్పి ఈనె పక్కన చూడాలి. నల్లి సాలెగూడులాంటి బూజు అల్లేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. గట్టు వైపు, దుమ్ము రోడ్డు వైపు వరుసలు ముందు చూడాలి, నల్లి ఎక్కువగా అక్కడి నుంచే లోపలికి వస్తుంది. భూతద్దం లేకపోతే తెల్ల కాగితం మీద ఆకు తట్టి, కదిలే చుక్కలున్నాయేమో చూడమని సిబ్బంది నేర్పాలి.

ఇక మందుల సంగతి. మా తోటల్లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఫెన్‌పైరాక్సిమేట్, ఫెనాజాక్విన్, పైరిడాబెన్ పేర్లు వేరు, కంపెనీలు వేరు, నల్లి మీద పనిచేసే తీరు మాత్రం ఒక్కటే. మొదటిది పనిచేయలేదని రెండోది, రెండోది తగ్గిందని మూడోది కొనేవాడు నిజానికి ఒకే మందు మూడుసార్లు కొట్టినట్టు. ఆ మూడింటికీ తట్టుకునే నల్లి ఒకేసారి తయారవుతుంది. స్పైరోమెసిఫెన్ వేరే వర్గం, ప్రొపర్గైట్ వేరే, అబామెక్టిన్ వేరే. హెక్సీథియాజాక్స్ గుడ్లనూ పిల్లల్నీ చంపుతుంది కానీ పెద్ద నల్లిని చంపదు. ఒక్కదాన్నే కొట్టి మర్నాడు చూసుకుంటే ఏమీ పనిచేయనట్టే ఉంటుంది. అందుకే రెండు దఫాల లెక్క చెప్పాలి: ముందు పెద్దవాటిని చంపేది, 6-7 రోజులకు, మిగిలిన గుడ్లు పగిలే వేళకు, వేరే వర్గం మందు. ఎకరానికి 200 లీటర్ల నీటిలో స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్‌సీ అయితే 160 మి.లీ., అంటే లీటరుకు 0.8 మి.లీ. ప్రొపర్గైట్ 57 ఈసీ అయితే లీటరుకు 2 మి.లీ. ఆ పంటకు లేబుల్ మీద అనుమతి ఉందో లేదో చూసుకునే కొట్టాలి. నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చవకైన మందే. అయితే ఎండ 35 డిగ్రీలు దాటాక కొడితే ఆకు మాడుతుంది, వేప నూనెతో కలిపినా, నూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా అంతే. అందుకే అది చలికాలానికే పనికొస్తుంది, ఏప్రిల్‌కు కాదు. ఇంకొక్క మాట: డైకోఫాల్‌ను కేంద్రం 2023లోనే నిషేధించింది. లీటరుకు 5 మి.లీ. అని రాసిన పాత కరపత్రాలు ఎక్కడైనా మిగిలి ఉంటే తీయించేయండి.

పురుగు మందుల షాపులు ఇచ్చే ప్రతి బిల్లు మీద మందు పేరు పక్కన దాని వర్గం సంఖ్య (పనిచేసే తీరును బట్టి మందులకు ఇచ్చిన అంకె) రాయాలని ఆదేశం ఇవ్వండి. రసాయనం పేరు గుర్తుండకపోయినా, పోయినసారి 21 (ఫెన్‌పైరాక్సిమేట్ వర్గం), ఈసారి 23 (స్పైరోమెసిఫెన్ వర్గం) అని ఏ రైతైనా చూసుకోగలడు.

మంచి మందు కూడా ఆకు అడుగుకు చేరకపోతే దండగే. నల్లి ఉండేది అక్కడే. తైవాన్ పంపు గన్‌ను పైనుంచి ఊపుకుంటూ పోతే పై ఆకులు తడుస్తాయి, నల్లి తడవదు. నాజిల్ కిందికి దించి, పైకి తిప్పి, వరుసకు రెండు పక్కలా కొట్టాలి. ఈ సందర్భంలోనే డ్రోన్ల గురించి మనవి చేసుకుంటున్నాం. ప్రభుత్వం రైతు గ్రూపులకు సబ్సిడీ మీద డ్రోన్లు ఇవ్వడం మంచి పనే, మేమూ వాడుతున్నాం. కానీ డ్రోన్ ఎకరానికి 10 లీటర్ల లోపు నీటితో పైనుంచి చల్లుతుంది. నడుము దాటి ఎదిగిన విత్తన బెండలో ఆ తుంపర కింది ఆకుల అడుగుకు చేరడం కష్టం. నల్లికి డ్రోన్‌తో కొట్టించమని సిబ్బంది చెప్పకుండా చూడండి. చాలీచాలని మోతాదు తగిలి బతికిన నల్లే తర్వాత మొండికేస్తుంది.

సంకర విత్తన తోటల్లో ఇంకో చిక్కు ఉంది. బెండలో సాయంత్రం మొగ్గ వలిచి మగ భాగం తీసేసి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దుతారు. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడకూలీలు, ఉట్టి చేతులతో ఆకు తీసి తీసి చేస్తారు. పొద్దుటి పని అయ్యాక మందు కొడితే సాయంత్రానికే వాళ్లు ఆ తడి ఆకుల్లోకి దిగాల్సి వస్తుంది. తోటను రెండు భాగాలు చేసుకుని, మందు కొట్టిన సగంలో మర్నాటి దాకా ఎవరూ అడుగుపెట్టకుండా చూడాలి. ఆ సగంలో ఒక రోజు క్రాసింగ్ (పుప్పొడి అద్దే పని) పోతుంది. పోనివ్వాలి. విత్తన కంపెనీలు రైతుతో రాసుకునే ఒప్పందంలోనే ఈ షరతు, దానికి పరిహారం ఉండేలా మీ శాఖ చూడాలి. నల్లి పట్టిన భాగంలో చివరగా పనిచేయడం కూడా అందులోనే రాయించండి. బట్టలకు అంటుకుని నల్లి శుభ్రంగా ఉన్న వరుసల్లోకి పోతుంది.

మిగతావి రైతు చేతిలో పనులే: గట్ల మీద తుత్తురుబెండ, వయ్యారిభామ పీకడం, దుమ్ము వైపు రెండు మూడు వరుసల జొన్న వేయడం, యూరియా అదనంగా వేయకపోవడం, బూజు పట్టిన మొక్కను ఈడ్చుకుపోకుండా అక్కడే సంచిలో మూటకట్టి బయటికి తేవడం. విత్తనం తీసిన మరుసటి రోజే మోళ్లు దున్నేయాలి. లేకపోతే ఎండిన మోడు మీద నుంచి నల్లి దారం పట్టుకుని గాలిలో పక్క చేనుకు పోతుంది.

మీ శాఖ జీవ నియంత్రణ ప్రయోగశాలల్లో నల్లిని తినే నల్లుల్ని కూడా పెంచి ఇప్పించండి. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ ఇలాంటి మిత్ర జీవుల మీదే పనిచేసే సంస్థ. లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం మన గుంటూరు పక్కనే ఉంది. రెండిటినీ కలిపి మా జిల్లాలో ఒక్క మండలంలోనైనా విత్తన బెండ మీద మొదలుపెట్టండి. పైరెత్రాయిడ్ కొట్టిన తోటలో వదిలితే ఆ మిత్ర నల్లులు బతకవు కాబట్టి, విత్తిన నాటి నుంచీ మందుల లెక్క రాసిన తోటల్నే ఎంచుకోవాలి.

ఈ-క్రాప్ పంట నమోదులో విత్తన పంటకు విడిగా గడి పెట్టించండి. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాల విత్తన తోట ఉందో తెలిస్తేనే సిబ్బంది మార్చి నుంచి వారానికొకసారి వచ్చి చూడగలరు. జనవరిలో విత్తనాలు పడతాయి. భూతద్దం, పటం, బిల్లు మీద వర్గం సంఖ్య, ఈ మూడూ డిసెంబరు లోపు అందేలా చూడగలరని కోరుతున్నాం.

ఇట్లు,
గుంటూరు జిల్లా విత్తన పంటల రైతులు, సాగు సలహాదారులు