ఏటిగట్టు ఎక్కే ముందు చదువుకో

ఒరేయ్ సూరీ,

నిన్ను గోదావరి లంకల (ఏటి మధ్య దీవుల) మండలంలో వరద కంట్రోల్ రూమ్‌కి వేశారని తెలిసిన దగ్గర్నుంచీ ఈ ఉత్తరం బాకీ. వరద ఎర్రనీరు దిగకముందే చదివెయ్.

భద్రాచలంలో ఇన్ని అడుగులట అని నీకు రోజంతా ఫోన్లొస్తాయి. ఆ అంకె మీ ఊరిది కాదురా. దాన్ని ముందు గంటల్లోకి (నీళ్లు ఎప్పుడొస్తాయో), తర్వాత గడపల్లోకి (ఎవరింటికొస్తాయో) మార్చుకోవడమే నీ పని. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆ మూడు హెచ్చరికలూ 11.75, 13.75, 17.75 అడుగులకి, అంటే వరసగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు). భద్రాచలం నీళ్లు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. నీకున్న గడువల్లా అదే. అయితే ఉపనది శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. శబరి పొంగిందంటే పైన తగ్గుముఖం పట్టినా మనకి తగ్గదు. అందుకని కూనవరం మట్టం కూడా చూడు. గంటగంటకీ రిజిస్టర్లో మట్టం రాసి, పక్కనే ఎంత పెరిగిందో కూడా రాయి. అంగుళం అంగుళం పాకే నీరు వేరు, గంటకి అడుగు చొప్పున ఎగబాకే నీరు వేరు.

పంచాంగం కూడా దగ్గర పెట్టుకో. 2022 జులై 16న భద్రాచలంలో 71.3 అడుగులొచ్చింది. సరిగ్గా మూడు రోజుల ముందే పౌర్ణమి. పౌర్ణమికి సముద్రం పోటు ఎక్కువ. అది పోటు మీదుంటే నది నీరు లాగదు, సముద్రానికి దగ్గరున్న లంకల్లో ముంపు ఎక్కువసేపు నిలుస్తుంది.

గేట్లు ఎత్తి మమ్మల్ని ముంచేశారు అనే మాట ప్రతి ఏడూ వింటావు. ఓపిగ్గా లెక్క చెప్పు. 10 లక్షల క్యూసెక్కులంటే రోజుకి 86 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీల లోపే. 175 గేట్లూ దించినా గంట తిరక్కుండా నిండిపోతుంది. వరదని ఆపడం ఆ కట్టడం పని కాదు.

అసలు ప్రాణాలు కాచేది ఏటిగట్టు. కాపలాకి ఇద్దరిద్దర్ని పంపు, చేతిలో కర్ర, టార్చి. గట్టు మీద తిరిగితే ఏమీ కనపడదు. ఊరి వైపు గట్టు పాదం వెంట నడవాలి. అక్కడ ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండు, చాలు. నీళ్లు మట్టిరంగులో బుడబుడమంటూ వస్తూ, చుట్టూ సన్నని ఇసుక పుట్టలా పేరుతోందంటే గట్టు లోపల కోసుకుపోతున్నట్టు. ఎలక బొరియో, ఎండ్రకాయ బొరియో, కుళ్లిన చెట్టు వేరో దారి ఇచ్చి ఉంటుంది. కంగారులో అందరూ చేసే తప్పు ఆ బుంగలో బస్తా కుక్కడం. అక్కడ మూస్తే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. బుంగ చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా కట్టు. లోపల నీరు ఎత్తు పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గుతుంది. నీరు తేటపడేదాకా వరసలు పెంచి, అక్కడ ఆపి, పైనుంచి నీరు పోవడానికి చిన్న దారి వదులు. బస్తా మూతిదాకా నింపొద్దు. మూడింట రెండొంతులు నింపితేనే ఒకదానిమీద ఒకటి ఒదుగుతాయి. బిగిస్తే సందుల్లోంచి నీరు కారుతుంది. బస్తాలు, సరుగుడు బాదులు, తాళ్లు ముందే గట్టు మీద చేర్చు. తడిసిన గట్టు మీదకి ట్రాక్టరు ఎక్కదు.

జనాన్ని కదిలించడం దీనికన్నా కష్టం. పశువుల్ని ముందు గట్టుకి చేర్చు, మనుషులు వాటి వెనకే వస్తారు. గేదెని వదిలి ఏ ఇల్లాలూ పడవెక్కదు, అది మొండితనం కాదు, ఆ ఇంటికి అదే ఆధారం. నెలలు నిండినవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, మంచం పట్టినవాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర తీసుకో; మొదటి హెచ్చరికకే వాళ్లని దాటించెయ్. కాజ్‌వే మునిగాక పడవే గతి. పడవ కదిలే ముందు ఆ లైనుకి కరెంటు తీయించు. వరదలో తీగలు తలకి తగిలే ఎత్తులోకి వస్తాయి. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉంటే అంతమందినే ఎక్కించు.

శిబిరంలో 20 లీటర్ల బిందెకి ఒక క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాకే తాగనివ్వు. బురదనీరైతే ముందు తేర్చి, గుడ్డలో వడకట్టాలి, లేకపోతే బిళ్ల పనిచెయ్యదు.

హెచ్చరిక ఎత్తేశారని కాపలా వాళ్లని ఇళ్లకి పంపకు. నది గబగబా తీసేటప్పుడు నానిన గట్టుకి నీటి ఆనుడు పోయి, ఏటి వైపు మట్టి జారుతుంది. అప్పటిదాకా నిలబడ్డ గట్టు కూడా అప్పుడే పగుళ్లిస్తుంది. ఇంకో రెండు రోజులు తిప్పు.

ఈ వారంలోనే గట్టు కింద నీళ్లు పారే తూములన్నీ ఒకసారి చూసి రా. తలుపు స్క్రూకి గ్రీజు పెట్టించి, పూర్తిగా దించి చూడు, కింద సందు ఉంటే ఏరు ఆ దారినే చేలల్లోకి వస్తుంది. మీ గట్టు ఎన్ని కిలోమీటర్లో, తూములెన్నో, వాటిలో మూతపడనివి ఏవో నాకు రాయి.

నీ
సత్యం