ల్యాబులో కోటి వరుసల ఫైలు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చాలా కాలేజీల్లో లైనక్స్ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబు అంటే రికార్డు రాయడమే. హెడ్ అనే ఆదేశం ఫైలులో మొదటి పది వరుసలు, టెయిల్ అనేది చివరి పది వరుసలు చూపిస్తాయని రాయిస్తారు. ప్రయోగం మాత్రం పదిహేను వరుసల ఫైలు మీద. అది ఫైలంతా ఒకేసారి చూపే క్యాట్ కొట్టినా తెరమీద సరిపోతుంది కాబట్టి, ఈ ఆదేశాలు ఎందుకున్నాయో పిల్లలకు అర్థం కాదు. ఉద్యోగంలో చేరాక రెండు జీబీల లాగ్ ఫైలును (సర్వర్‌లో జరిగే పనుల చిట్టా) నేరుగా ఎడిటర్‌లో తెరుస్తారు. అది ఫైలంతా మెమరీలోకి లాక్కోవడంతో మిషన్ బిగుసుకుపోతుంది.

మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర లోడుకో వరుస చొప్పున పెరిగే ఫైలు ఒకటి ఉందనుకుందాం. పేరు తూకాలు.టెక్స్ట్. (ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మిషన్ మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాలే కొట్టాలి.) మొదటి వరుసలో శీర్షికలుంటాయి. అవి వదిలేసి మిగతాది కావాలంటే టెయిల్ -ఎన్ +2. ఆ ప్లస్ గుర్తు మరిచిపోతే చివరి రెండు వరుసలే వస్తాయి.

మధ్యలో 5000 నుంచి 5040 వరకు వరుసలు చూడాలంటే సెడ్ అనే ఆదేశం ఉంది: సెడ్ -ఎన్ '5000,5040పి' తూకాలు.టెక్స్ట్. -ఎన్ పెట్టకపోతే ఫైలంతా పారుతుంది, అడిగిన వరుసలు రెండేసిసార్లు పడతాయి. ఇంకొకటి: 5040 దాటాక కూడా సెడ్ ఫైలు చివరిదాకా చదువుతూనే ఉంటుంది. '5000,5040పి;5040క్యూ' అంటే అక్కడితో ఆగుతుంది. ఇదే పనిని హెడ్ -ఎన్ 5040 ఫలితాన్ని టెయిల్‌కు పైపు చేసి (నిలువు గీత గుర్తుతో అందించి) కూడా చెయ్యొచ్చు. అయితే టెయిల్‌కు 40 కాదు, 41 ఇవ్వాలి. రెండు కొసలూ లెక్కలోకి వస్తాయి.

ఏ వరుసో తెలియనప్పుడు, ఫైలును తెర తర్వాత తెరగా చూపే లెస్ మేలు. ఫైలంతా చదివేదాకా కూర్చోబెట్టదు. స్లాష్ కొట్టి ఊరి పేరు వెతకొచ్చు, క్యూ నొక్కితే బయటికి. వరుసలు పొడవై మడతపడుతుంటే పెద్ద ఎస్‌తో లెస్ -ఎస్ అనండి.

పెరుగుతున్న లాగ్‌ను చూడటానికి టెయిల్‌కు చిన్న ఎఫ్ (టెయిల్ -ఎఫ్) నేర్పుతారు, పెద్ద ఎఫ్ గురించి చెప్పరు. రాత్రి లాగ్‌రొటేట్ (లాగ్ ఫైళ్లను మార్చే ప్రోగ్రామ్) పాత ఫైలు పేరు మార్చి కొత్తది మొదలుపెడితే, చిన్న ఎఫ్ పాత ఫైలునే పట్టుకుని ఉంటుంది. తెర కదలదు, సర్వర్ ఆగిపోయిందని కంగారు పడతాం. పెద్ద ఎఫ్ పేరును వెంబడిస్తుంది కాబట్టి కొత్త ఫైలుకు మారుతుంది.

తెలుగు ఫైళ్లతో మరో చిక్కు. హెడ్ -సి అక్షరాలను కాదు, బైట్లను లెక్కిస్తుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన హల్లుకు మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు మరో మూడు. 'తిరుపతి' మొత్తం 21 బైట్లు. హెడ్ -సి 10 కొడితే 'తిర' వచ్చి, కొమ్ములో మూడో వంతు తెగి, దాని చోట పిచ్చి గుర్తు పడుతుంది. ఫైలు పాడైందని భయపడనక్కర్లేదు, కోసిన చోటే తప్పు.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. హెడ్ -ఎన్ 100 తూకాలు.టెక్స్ట్ > తూకాలు.టెక్స్ట్ అని అదే పేరుకు మళ్లిస్తే ఫైలు ఖాళీ అవుతుంది. హెడ్ మొదలవక ముందే షెల్ (మనం కొట్టే ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైలును తుడిచేస్తుంది. ముక్కను ఎప్పుడూ వేరే పేరుతో దాచాలి.

ల్యాబు చూసే అధ్యాపకులకు ఒక విన్నపం. పెద్ద ఫైలు కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు, వరుసగా అంకెలు రాసే సెక్ ఆదేశం చాలు. సెక్ 10000000 > అంకెలు.టెక్స్ట్ అంటే కోటి వరుసలు, దాదాపు 79 ఎంబీ. ప్రతి వరుసలోనూ దాని నంబరే ఉంటుంది కాబట్టి, విద్యార్థి ఒక్క వరుస అటూ ఇటూ అయినా తెరమీదే కనబడుతుంది.

- ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, తిరుపతి