శుక్రవారం ప్రార్థనకు కీర్తనలు: 13, 88, 89

అందరికీ వందనాలు. ఈ వారం బైబిల్లోని 13వ కీర్తన చదివేవారు దాన్ని మూడు ముక్కలుగా చదవండి. 1, 2 వచనాలు ఫిర్యాదు. "ఎంతకాలం" అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 3, 4 విన్నపం. 5, 6 నమ్మకం, పాట. 4కీ 5కీ మధ్య కాస్త ఆగాలి. అక్కడ శత్రువు పోలేదు, జవాబూ రాలేదు, అయినా కీర్తనకారుడు "నేనైతే" అని మొదలుపెడతాడు. మనం సాధారణంగా తడబడేది ఇక్కడే: ఫిర్యాదును గబగబా చదివేసి స్తుతి పాట ఎత్తుకుంటాం. ఇంట్లో చావు జరిగినవాళ్లకు అది నోరు మూయించినట్టే ఉంటుంది.

88వ కీర్తనలో ఆ మలుపు కూడా లేదు. పద్దెనిమిది వచనాలు, చివరకు చీకటి దగ్గరే ఆగిపోతుంది. దయచేసి దాని చివర ఓదార్పు వచనం అతికించకండి. ఆశ ఏదైనా ఉంటే మొదటి వచనంలోనే ఉంది, "నా రక్షణకర్తవగు దేవా" అన్న పిలుపులో. 9లో, 13లో మళ్లీ మొరపెడతాడు. దేవుణ్ణి నిందిస్తూనే ఆయనతోనే మాట్లాడుతున్నాడు.

89 అయితే తలకిందులు. స్తుతితో మొదలై, దేవుడు దావీదు రాజుతో చేసిన నిబంధనను పొడుగునా పొగిడి, 38వ వచనంలో ఒక్కసారిగా నిలదీతకు దిగుతుంది. చివరి వచనంలోని స్తోత్రం కీర్తనల గ్రంథంలోని ఐదు భాగాల్లో మూడోదానికి ముగింపు, ఫిర్యాదుకు జవాబు కాదు.

89 పెద్దది, 52 వచనాలు. ఇద్దరు పంచుకోండి, రెండోవారు 38 నుంచి అందుకోండి.