ఎలుకలకు మార్చి 31 తెలియదు, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. క్షయ టీకాలను ఎలుకల్లో పరీక్షించే పరిశోధకులం. పెట్టిన ప్రతి అర్జీకీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే వచ్చింది కాబట్టి ఈసారి అందరి ముందూ అడుగుతున్నాం.

మా పరిశోధన గ్రాంటు రెండో విడత డబ్బు జనవరి ఆఖర్లో పడుతుంది. మార్చి 31 లోపు ఖర్చుచేసి యూసీ (డబ్బు వాడామన్న ధ్రువపత్రం) పంపాలి, మిగిలింది వెనక్కి. లెక్క మీరే చూడండి. ఎలుక చూలు 3 వారాలు. పిల్ల ప్రయోగానికి అందిరావడానికి 6. ఇప్పుడు వాడుకలో ఉన్న క్షయ టీకా బీసీజీ వేశాక రోగనిరోధకశక్తి కుదురుకోవడానికి 8. తర్వాత క్రిములను సన్నని తుంపరగా గాల్లోకి వదిలే ఏరోసాల్ యంత్రంలో ఒక్కో ఎలుక ఊపిరితిత్తుల్లోకి 50 నుంచి 100 క్రిములు పంపి 4 వారాలు ఆగాలి. ఊపిరితిత్తులు, ప్లీహం నూరి, పలచన చేసి, క్రిములు పెరిగే అగార్ ప్లేట్ల మీద పరిస్తే వాటి గుంపులు (కాలనీలు) కంటికి ఆనడానికి ఇంకో 3. మొత్తం 24 వారాలు. క్షయ క్రిమి రెండుగా చీలడానికే దాదాపు 20 గంటలు పడుతుంది. దాన్ని తొందరపెట్టే జీవో ఇంతవరకు రాలేదు.

సగం ఎలుకలు ఈ ఏడాది, సగం వచ్చే ఏడాది కొనమని ఫైలు మీద రాశారు. అయ్యా, టీకా వేసినవీ వేయనివీ ఒకే రోజు, ఒకే యంత్రంలో పీల్చాలి. లోపలికి ఎంత పోయిందో తేల్చడానికి మర్నాడే కొన్నింటిని కోసి లెక్కపెడతాం. ఓసారి 60, ఇంకోసారి 150 పడ్డాయనుకోండి. కొత్త టీకాకూ బీసీజీకీ మధ్య, ఊపిరితిత్తుల్లో మిగిలే క్రిముల లెక్కలో తేడాయే చాలాసార్లు రెండు మూడు రెట్లు మించదు. అప్పుడు కనిపించేది టీకా గుణమా, మోతాదు తేడానా?

డబ్బు రాని నెలల్లోనూ ప్రమాదకర క్రిములతో పనిచేసే బీఎస్ఎల్-3 భద్రతా గదికి సెలవు లేదు. లోపలి గాలి బయటికి పోకుండా ఆపే నెగటివ్ ప్రెజర్ నిలవాలి, గాల్లోని క్రిములను పట్టే హెపా ఫిల్టర్లకు ఏటా పరీక్ష జరగాలి, జనరేటర్‌లో డీజిల్ ఉండాలి. ఎలుక రోజుకు 4, 5 గ్రాముల మేత తింటుంది, శాంక్షన్ ఆర్డర్ తినదు. మేత గడువు నెలల్లోనే తీరిపోతుంది గనక మార్చిలో ఏడాదికి సరిపడా కొనిపెట్టుకునే వీలూ లేదు. చివరికి జతకట్టించడం ఆపేసి, వయసు మీరినవాటిని చంపేయాల్సి వస్తోంది. తక్కువ జంతువులతో పని కానివ్వమన్న నిబంధన మీ ప్రభుత్వానిదే!

2025 కల్లా దేశంలో క్షయ ఉండదన్నారు. ఆ ఊసెత్తం. మొదటి విడత ఏప్రిల్‌లో ఇప్పించండి. కాదంటే మిగులును వచ్చే ఏడాది వాడుకోనివ్వండి. అదీ కాదంటే మేతకూ కరెంటుకూ అయినా మార్చి 31 గడువు ఎత్తేయండి. ఏదీ కుదరదంటే ఆ ముక్కే రాసి పంపండి, ఈ ఏడు జతకట్టించడం మానేస్తాం.

ఇట్లు,
జవాబు కోసం చూస్తున్న పరిశోధకులు