లాంకాస్టర్ నమూనాకు చెయ్యేసిన అందరికీ శనార్తులు

హన్మకొండలో మూడు రోజులు నిలబెట్టిన లాంకాస్టర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్ విమానం) నమూనాను నిన్న రాత్రి విప్పేశాం. విప్పకముందే చెప్పాల్సిన మాట ఇది, ఆలస్యమైంది.

లెక్క అడుగుకు అంగుళం. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 102 అడుగులు, మనవి 102 అంగుళాలు. అంత పొడవున ఒట్టి ప్లైవుడ్ వేస్తే మధ్యలో కుంగుతుంది. లోపల అల్యూమినియం పైపు దూర్చి, పైన థర్మాకోల్ చెక్కిన కాశిబుగ్గ వడ్ల మేస్త్రికి మొదటి దండం. నాలుగు పంకాలకు పొనికి చెక్క పంపిన నిర్మల్ అన్నకు రెండోది.

మేం చూపించింది 1943 నవంబర్ 3 రాత్రి జర్మనీలోని డస్సెల్‌డార్ఫ్ ఊరి మీద బాంబులెయ్యడానికి పోయిన బ్రిటిష్ వైమానిక దళం 61 స్క్వాడ్రన్ (విమానాల దళం) విమానాన్ని. పైలట్ విలియం రీడ్. (నిజాం విమానాలిచ్చిన 110 హైదరాబాద్ స్క్వాడ్రనేనా అని చాలామంది అడిగారు. కాదు, అది వేరు.) డచ్ తీరం దాటాక మెస్సర్‌ష్మిట్ 110 అనే జర్మన్ యుద్ధవిమానం కాల్పులకు ముందు అద్దం పగిలింది. రీడ్ తలకు, భుజాలకు, చేతులకు గాయాలయ్యాయి. ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే, తోక దగ్గరి కదిలే రెక్క) ట్రిమ్ ట్యాబులు దెబ్బతిన్నాయి.

ఈ ట్యాబు సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఎలివేటర్ వెనక అంచున ఉండే చిన్న పట్టీ అది. గాలి ఒత్తిడితో ఎలివేటర్‌ను కావలసిన చోట నిలిపి, పైలట్ చేతి మీది భారం తీసేస్తుంది. అది పాడైతే ఆ భారమంతా చేతులే మొయ్యాలి. ఎనుమాముల మార్కెట్ హమాలీ అన్న పాత బావి గిరక తెచ్చి, తాడుకు ఒక కొసన పది కిలోల ఇసుక సంచి, రెండో కొసన కర్ర కట్టాడు. "గుంజుడు అల్కనే, పట్టుకొని ఉండుడే కష్టం" అన్నాడు. కండలు చూపించిన పిల్లలు కూడా కాసేపటికే వదిలేశారు. పది కిలోలన్నది ప్రదర్శన కోసం పెట్టిన బరువే, విమానంలోది కాదు.

తర్వాత ఫోకే-వుల్ఫ్ 190 అనే ఇంకో జర్మన్ యుద్ధవిమానం వచ్చి ముక్కు నుంచి తోక దాకా కాల్చింది. దారి చూపే నావిగేటర్ చనిపోయాడు, వైర్‌లెస్ ఆపరేటర్‌కు తగిలిన గాయం ప్రాణం తీసింది. ఆక్సిజన్ లైను తెగింది. ఫ్లైట్ ఇంజనీర్ నారిస్ ముంజేతికి దెబ్బ తగిలినా చిన్న సిలిండర్‌తో రీడ్‌కు ఆక్సిజన్ అందించాడు. ఇక్కడ మా బోర్డు మీద 'పైన ఆక్సిజన్ శాతం తక్కువ' అని రాశాం. అది తప్పని డాక్టరమ్మ చెప్పారు: శాతం అదే 21, తగ్గేది ఒత్తిడి. 20 వేల అడుగుల మీద అది నేల మీదున్న దాంట్లో సగం కూడా ఉండదు. రాత్రికి రాత్రే బోర్డు మార్చాం.

పాత ల్యాండ్‌లైన్ సెట్లు ఏడు, అంటే సిబ్బంది ఒక్కొక్కరికి ఒకటి, ఇచ్చిన రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి ఒక బ్యాటరీకి అన్నీ వరసగా కలిపారు. ఒక్క వైరు పీకితే ఏడూ మూగబోయేవి. ఆ రాత్రి విమానంలోనూ మాటలు ఆగిపోయాయి. ముక్కులో ఉండి బాంబుల గురి చూసే బాంబ్ ఎయిమర్‌కు పైలట్ గాయాల గురించి తెలియనే లేదు.

దిక్సూచులు కూడా పోయాయి. గుర్తుపెట్టుకున్న దారినే రీడ్ యాభై నిమిషాలు నడిపి లక్ష్యం చేరాడు. తిరుగుదారిలో ధ్రువనక్షత్రం, చంద్రుడే ఆధారం. హన్మకొండలో ధ్రువుడు 18 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తాడు, డస్సెల్‌డార్ఫ్ దగ్గర 51 అని కర్రపుల్ల, దారంతో కొలిచి చూపిన సైన్సు సారుకు నమస్కారం. దారిలో రీడ్ స్పృహ తప్పుతుంటే నారిస్, బాంబ్ ఎయిమర్ కలిసి నిలబెట్టారు. పొగమంచులో దిగాక, బరువు పడగానే ఒక చక్రం కాలు కూలింది. వెల్డింగ్ షాపు తమ్ముడు నమూనా కాలుకు గడియ పెట్టాడు. గడియ తీసినా కాలు నిలబడే ఉంటుంది, పైన చెయ్యి ఆనిస్తేనే మడత పడుతుంది.

"మరి బాంబులు పడ్డ ఊరోళ్ల సంగతేంది?" అని ఒక అమ్మ అడిగింది. డస్సెల్‌డార్ఫ్ జనం గురించిన బోర్డు ఆ తర్వాతే పెట్టాం. ముందే పెట్టాల్సింది.

గిరక, సెట్లు ఆదివారం ఎవరివి వాళ్లకు చేరుస్తాం. ఒక ఫోను మూత మాత్రం ఇంకా దొరకలేదు.