గుండు పక్కగుడ్డలు

చిన్నీ,

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మళ్లీ కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. నెత్తిమీదే ఉందని నేనింకా చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసి పందొమ్మిది రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే, అందుకు కాదు ఈ ఉత్తరం.

రవి ఏదో అన్నాడు. నీ కుక్క గుండుని ఎవరికైనా ఇచ్చేద్దామా అని వాణ్ణి అడిగావట. వాడి మాట నేను నమ్మను, గోరంతని కొండంత చేయడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. కాకపోతే డస్ట్ మైట్స్, అదే దుమ్ములో ఉండే సన్న పురుగుల ఎలర్జీ అని డాక్టర్ చెప్పాక నువ్వు ఒక్క ఫోటో పంపి ఊరుకున్నావు. అందులో గుండు వేళ్ల మధ్య బొచ్చు తుప్పు రంగుకి తిరిగింది. అదేపనిగా నాకుతుంటే ఉమ్ముకి అలా అవుతుంది. మన టైగర్‌కీ అచ్చం అంతే.

టైగర్ నీకు గుర్తుండడు, అప్పటికి నీకు నాలుగేళ్లు. రాత్రంతా చెవులు గీక్కునేవాడు, మెడ పట్టీకున్న బిళ్ల టకటకలాడుతూనే ఉండేది. తిండి పడట్లేదని మీ నాన్న, గోమార్లని నేను. వాదించుకుంటూనే మన ఒంటి సబ్బు పెట్టి రోజూ రుద్దేశాం. చర్మం పొట్టు లేచి ఇంకా పాడైంది. చివరికి డాక్టర్ ఒకటే అడిగారు, వీడు ఎక్కడ పడుకుంటాడని. మామ్మ పాత బొంత మీద. ఇంటికొచ్చి కిటికీ దగ్గర దాన్ని ఒక్క దులుపు దులిపాను. ఎండ పడేచోట లేచిన దుమ్ము ఎంతసేపటికీ కిందికి దిగదే! పక్కనే నిలబడ్డ వాడు తుమ్మీ తుమ్మీ, ఆ రాత్రి మమ్మల్ని అసలు పడుకోనివ్వలేదు. ఆ పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందట. కుట్టదు, కరవదు. రాలిన చర్మం పొట్టు తిని రెట్ట వేస్తుంది, ఆ రెట్టే పడదు. బొంత పారేస్తానంటే మామ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీకు పాఠాలు చెప్పకూడదనే మొదలుపెట్టాను. అయినా విను. వాడి పక్కగుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతుకు. చన్నీళ్లలో జాడిస్తే పురుగు చావదు. ఎండలో ఆరేసి సరిపెట్టకు, పురుగు చచ్చినా రెట్ట గుడ్డలోనే ఉంటుంది. ఆ కుందేలు బొమ్మ వేడికి పాడవుతుందనిపిస్తే సంచిలో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఉతుకు. పొడి చీపురు ముట్టకు, తడిగుడ్డతో తుడువు. వాక్యూమ్ చేసేటప్పుడు వాణ్ణి వేరే గదిలో ఉంచు, అవ్వగానే రానివ్వకు, దుమ్ము దిగనీ. ఆ పురుగు నీళ్లు తాగదు, గాల్లో తేమే దానికి ఆధారం, అందుకని గదిలో తేమ 50 శాతం దాటకుండా చూడు. స్నానానికి డాక్టర్ ఇచ్చిన షాంపూయే, నురగ పట్టించాక పది నిమిషాలు ఆగాలి. నీకా ఓపిక ఎక్కడిది, గడియారం పెట్టుకో. దురద తగ్గుతుందని మన మాత్రలు మాత్రం వెయ్యకు.

ఇంత చేసినా ఆ పురుగులు పూర్తిగా పోవు, తగ్గుతాయంతే. డాక్టర్ ఇంజెక్షన్ల మాట ఎత్తితే తొందరపడి వద్దనకు. ఆ మైట్ల సారాన్నే కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. గుణం తెలియడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మూడు నెలలకే విసుగొచ్చి ఎవరికో ఇచ్చేస్తే, వాళ్లింట్లో మాత్రం పరుపులుండవా?

రవి మాట నేను నమ్మాననుకునేవు, నమ్మలేదు.

అమ్మ

తా.క. వాడు పడుకునేది నీ మంచం మీదేనని నాకు తెలుసు. కాబట్టి నీ పరుపుకీ దిండుకీ జిప్పు కవర్లు వెయ్యి, నీ దుప్పట్లూ ఆ వేడి నీళ్లలోనే. గీకుడు చప్పుడుకి నీకు నిద్ర ఉంటోందా లేదా, అదైనా ఫోన్ చేసి చెప్పు.